విన్నది విన్నట్టు

నేను భయస్తుణ్ణి. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు ఉద్యోగ జీవితమంతా పట్టింది. నాతో పనిచేసినవాళ్ళను అడిగితే నమ్మరు. వాళ్ళకు తెలిసింది నా నోరు. నేను షిఫ్టుకు వస్తున్నానంటే గేటు దగ్గర పడుకున్న కుక్క కూడా లేచి పక్కకు పోతుందని నా వెనక నవ్వుకునేవాళ్ళట. అసలు సంగతేమిటంటే, నేను అరిచినప్పుడల్లా దేనికో ఒకదానికి భయపడే అరిచాను. బ్యాచ్ పాడవుతుందేమోనని, మేనేజర్ పిలిపిస్తాడేమోనని, బీఎస్సీ చదివినా వీడికి పని రాదని ఎవరైనా అంటారేమోనని.

తొంభైల మధ్యలో జరిగింది ఇది. మాది పటాన్‌చెరు దగ్గర కర్దనూర్. పాశమైలారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. నా కింద రియాక్టర్ దగ్గర పనిచేసే ఆపరేటర్ మా ఊరివాడే. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఆయన తల్లీ తండ్రీ మా పొలాల్లో కూలి చేసినవాళ్ళు. నేనే మేనేజర్‌తో మాట్లాడి ఆయన్ని క్యాజువల్‌గా పెట్టించాను, ఆ సంగతి కనీసం నెలకోసారైనా ఆయనకు గుర్తుచేసేవాణ్ణి. ఇప్పుడు రాసేటప్పుడు ‘ఆయన’ అంటున్నాను గానీ అప్పట్లో ‘వాడు’ అనే అనేవాణ్ణి. పిలిస్తే ‘ఏరా’ అనే పిలిచేవాణ్ణి. మా నాయన అలాగే పిలిచేవాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. మా నాయనలాంటి పటేలు పని చెప్పాక మారు అడగడం ఉండదు. అర్థం కాకపోయినా ‘సరే పటేలా’ అనెయ్యాలి, తర్వాత పక్కవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. మడికి నీళ్ళు ఆపమని చెప్పి పటేలు పట్నం వెళ్ళాడనుకోండి, ఆయన తిరిగి వచ్చి విడవమనేదాకా ఆ గండి మూసే ఉండాలి. నారు ఎండుతున్నది కళ్ళ ముందు కనిపిస్తున్నా సరే. ఎండినందుకు తిడితే పడొచ్చు, చెప్పకుండా విడిచినందుకు మాత్రం క్షమాపణ ఉండదు. ఈ పద్ధతి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చిందని నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం కూడా చెప్తాను, నాకది సుఖంగా ఉండేది. మిగతా ఇన్‌ఛార్జిలతో ఆపరేటర్లు వాదులాడేవాళ్ళు. నా ఆపరేటర్ ఎదురు మాట్లాడేవాడు కాదు.

మా రియాక్టర్ రెండు నిలువుల ఎత్తు ఉండే పెద్ద ఇనుప పాత్ర. లోపల సరుకు కలుస్తుంటే వేడి పుడుతుంది. ఆ వేడి హద్దు దాటకుండా పాత్ర చుట్టూ చల్లటి ఉప్పునీళ్ళు తిరగాలి. దాన్ని మేం బ్రైన్ అనేవాళ్ళం. వేడి చూపే మీటరు ముల్లు పైకి పోతుంటే బ్రైన్ వాల్వు తిప్పాలి, దిగితే కట్టెయ్యాలి. ఆపరేటర్ పని అదే.

ఒకరోజు నేను ల్యాబులో ఉండగా ముల్లు రెండు గీతలు పైకి పోయింది. ఆయన తనంతట తానే బ్రైన్ విడిచాడు. చెయ్యవలసిన పనే చేశాడు. కాకపోతే ఎంతసేపు విడవాలో తెలియక ఎక్కువ విడిచాడు. లోపల సరుకు గడ్డకట్టి, కలిపే రెక్కలు ఆగిపోయాయి. మేనేజర్ నన్ను అందరి ముందు నిలబెట్టి కడిగేశాడు. నేను కిందికి దిగి వచ్చి ఆయన్ని కడిగేశాను.

“నిన్నెవడు ముట్టమన్నడ్రా? నేను చెప్పేదాంక ఇంకోపారి ఆ వాల్వు తిప్పినవో, చెయ్యి ఇరగ్గొడ్త.”

“సరే పటేలా,” అన్నాడు.

పది రోజులు గడిచాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ల్యాబులో కూడా లేను. ప్యాకింగ్ షెడ్డు వెనక నీడలో నిలబడి ఇంకో ఇన్‌ఛార్జితో క్రికెట్ ముచ్చట్లలో ఉన్నాను. పావుగంటనుకున్నది అరగంటయింది. ముందు ఈల లాంటి చప్పుడు వినిపించింది. ఆ వెంటనే నేల అదిరింది. రియాక్టర్ పైన ఉండే గొట్టం మూత పగిలి లోపలి సరుకు పొగలు కక్కుతూ పైకి ఎగజిమ్మింది. కళ్ళు మండుతున్నాయి, గొంతులో సూదులు గుచ్చుతున్నట్టుంది. మనుషులు ఎవరి దారిన వాళ్ళు గేటు వైపు పరుగెత్తారు. నేను కూడా పరుగెత్తాను. నా ఆపరేటర్ రియాక్టర్ పక్కనే ఉన్నాడన్న ఆలోచన నాకు రోడ్డు మీదికి వచ్చాక గానీ రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎవరూ చనిపోలేదు. ఆయన ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఇంకో నలుగురికి దగ్గు రెండు రోజులు తగ్గలేదు.

గంటలో రిపోర్టు కావాలన్నాడు మేనేజర్. కాగితం ముందు కూర్చున్నాను. ఇల్లు కట్టడానికి అప్పుడే పునాది తీశాం, మా ఆవిడ నెలలు నిండి ఉంది. ఇదంతా సాకుగా చెప్పడం లేదు, అప్పుడు నా తలలో తిరిగింది చెప్తున్నాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. సూచనలు ముందే ఇచ్చినా ఆపరేటర్ సమయానికి వాల్వు తెరవలేదు అన్నది వాటిలో ముఖ్యమైనది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదని ఆ రాత్రంతా నాకు నేనే చెప్పుకున్నాను.

కింద ఆపరేటర్ సంతకం కూడా కావాలి. చేతికి కట్టుతో వచ్చాడు ఆయన.

“ఏం రాసినవ్ పటేలా?”

“జరిగింది రాసిన.”

“నువ్వు రాసినవంటే ఇగ సూసుడేంది,” అని కుడి చేత్తో మెల్లగా, ఒక్కొక్క అక్షరం తెలుగులో దిద్దినట్టు సంతకం పెట్టాడు.

ఆ రోజు నుంచి నా భయం రంగు మారింది. మునుపు రియాక్టర్‌కు భయపడేవాణ్ణి, ఇప్పుడు ఆయన నోటికి భయం పట్టుకుంది. క్యాంటీన్‌లో ఎవరితోనైనా మాట్లాడుతూ కనిపిస్తే చాలు, టీ గ్లాసుతో పక్క బల్లకు చేరేవాణ్ణి. ఎవరైనా ఆ కాగితం చదివి చెప్పారా? ‘చెయ్యి ఇరగ్గొడ్త’ అన్న నా మాట ఆయన ఎవరికైనా చెప్పాడా? అడగలేను, అడగకుండా ఉండలేను. ఆయన మాత్రం ఎప్పటిలాగే ‘నమస్తే పటేలా’ అనేవాడు.

ఆయన్ని ఉంచడమా, తీసెయ్యడమా అన్నది మేనేజర్ చేతిలో ఉంది. క్యాజువల్ మనిషి కాబట్టి గేటు పాసు ఆపేస్తే చాలు, ఇంకే కాగితమూ అక్కర్లేదు. మేనేజర్ నాతో అన్నాడు, “పైవాళ్ళకు నేనొక మాట రాయాలి. వచ్చే వారం ట్రైనింగ్ ఉంది కదా, అందులో చూద్దాం. చెప్పింది వినే రకమా, కాదా అన్నది అక్కడే తేలిపోతుంది.”

ప్రమాదం తర్వాత పైవాళ్ళు కంగారుపడి మూడు రోజుల శిక్షణ పెట్టించారు. వినడం, మాట్లాడుకోవడం, కలిసి పనిచెయ్యడం. బోర్డు మీద పెద్ద అక్షరాలతో అవే రాశారు. మా వాళ్ళకు ఆ మూడు మాటలు చూడగానే వణుకు పుట్టింది. ఎన్నడూ లేనిది, పని మాన్పించి, కుర్చీలు వేసి, టీలు బిస్కెట్లు ఇచ్చి కూర్చోబెడుతున్నారంటే ఎవర్నో తీసేసేందుకేనని పుకారు లేచింది. “పరీక్ష పెడ్తరట, తప్పినోల్లను పంపిస్తరట,” అని ఒకరు. ఒరిస్సా నుంచి వచ్చిన కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చి “సాబ్, నికాల్ దేంగే క్యా?” అని, తీసేస్తారేమోనన్న భయంతో అడిగారు. ఏం చెప్పాలో తెలియక నేను వాళ్ళ మీద కూడా అరిచాను.

శిక్షకుడు సిటీ నుంచి వచ్చాడు. ఏదో పెద్ద కర్మాగారంలో రిటైరైన మనిషి, సన్నగా, గొంతు పెంచకుండా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. క్యాంటీన్ పైనున్న హాల్లో మేం ముప్ఫై మందిమి. మేనేజర్ వెనక వరసలో కాలు మీద కాలు వేసుకుని, చేతిలో డైరీతో కూర్చునేవాడు. ఆ డైరీ తెరిచినప్పుడల్లా హాలంతా నిటారుగా కూర్చునేది.

మొదటి రెండు రోజులూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. చిన్నపిల్లలకు చెప్పినట్టు, పని చెప్పినవాడితో మళ్ళీ ఒకసారి ఆ పని మీ మాటల్లో చెప్పండి అంటాడు. తెలియకపోతే అడగండి, అడిగితే తప్పు లేదు అంటాడు. ఈయన మా ఊరొచ్చి మా నాయన ముందు ఈ మాట చెప్పాలి అనుకుని లోపలే నవ్వుకున్నాను. కానీ ఒక ఆపరేటర్ లేచి, “మల్ల అడిగితే సార్లు తిడ్తరు గద సార్?” అన్నప్పుడు హాలంతా నవ్వింది, నేను నవ్వలేకపోయాను. ఎవరూ నా వైపు చూడలేదు. చూస్తున్నారనే అనిపించింది.

మూడో రోజు ఉదయం శిక్షకుడు మమ్మల్ని జంటలుగా కూర్చోమన్నాడు. నేను చటుక్కున పక్కనున్న స్టోర్స్ గుమస్తా వైపు తిరిగాను. వెనక నుంచి మేనేజర్ గొంతు వినిపించింది.

“అలా కాదు. రోజూ ఎవరు ఎవరితో పనిచేస్తే వాళ్ళే కూర్చోవాలి. మీరు మీ ఆపరేటర్‌తో కూర్చోండి.”

ఆయన వచ్చి నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు. కట్టు విప్పేశారు. మోచేతి దాకా చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది.

నియమం ఒకటే. ఒకరు ఐదు నిమిషాలు ఏదైనా మాట్లాడాలి. రెండోవాళ్ళు నోరు విప్పకూడదు, ‘ఊఁ’ కూడా అనకూడదు, వినాలి. తర్వాత తారుమారు. “మీ ఇద్దరి మధ్యే అనుకోండి. మెల్లగా మాట్లాడుకోండి,” అన్నాడు శిక్షకుడు. ముందు కిందివాళ్ళు మాట్లాడాలన్నాడు.

ఆయన మొదలుపెట్టాడు. కూతురు ఏడో తరగతికి వచ్చిందట, పటాన్‌చెరు బడికి నడిచి పోవాలా బస్సులో పోవాలా అని ఇంట్లో రోజూ లొల్లి అట. “దానికి సదువు మీద పాణం. నేనిక్కడ పర్మనెంటయితే కాలేజ్ దాంక సదివిస్త అని మాటిచ్చిన,” అన్నాడు. ఇలాగే ఐదు నిమిషాలు అయిపోవాలని లోపల మొక్కుకుంటున్నాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించాడు.

“ఆ దినం నా చెయ్యి వాల్వు మీదనే ఉండె పటేలా. ముల్లు ఎక్కుతున్నది కండ్లకు కనవడుతనే ఉన్నది. తిప్పుదామనుకున్న. నువ్వన్నది యాదికొచ్చింది. ఇప్పుడొస్తడు, ఇప్పుడొస్తడు అని తొవ్వ సూసిన. పలుగుతదని తెలుసు. దానికన్న నువ్వంటెనే ఎక్కువ భయమైంది నాకు.”

అందులో కోపం లేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. నాకు మాట్లాడే హక్కు లేదు, అదే మంచిదయింది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన మనిషి, నాతో ఒక్కసారి పూర్తిగా మాట్లాడగా వినడం అదే మొదలు.

నా వంతు వచ్చింది. నేను బోరు ఎండిపోయిన సంగతి, మా అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పి గడిపేద్దామని ముందే అనుకున్నాను. రెండు నిమిషాలు అవే చెప్పాను కూడా. కానీ ఆయన వింటున్న తీరు వేరుగా ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు నా ముఖం మీంచి తీయకుండా, ఒక్క ముక్క పోగొట్టుకోకూడదన్నట్టు వింటున్నాడు. నా జన్మలో నన్నెవరూ అలా వినలేదు. నాకు తెలియకుండానే అసలు మాట బయటికి వచ్చేసింది.

“తప్పు నాది. ముట్టొద్దన్నది నేను. ఆ టైముల నేను ప్యాకింగ్ ఎనక ముచ్చట పెట్టుకుంట నిలవడ్డ. రిపోర్టుల నీ మీద రాసిన. నువ్వు సంతకం పెట్టింది దాని మీదనే. నా నౌకరి పోతదని భయమైంది.”

ఆయన ముఖం మారలేదు. రెప్ప మాత్రం ఒకసారి పడి లేచింది. నియమం ప్రకారం ఏమీ అనలేదు.

నాకు ఒళ్ళు తేలికయింది. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, దాన్ని నేను ధైర్యం అనుకున్నాను. అది ధైర్యం కాదు. ఆయన ఎవరికీ చెప్పడన్న భరోసాతోనే చెప్పాను. మా ఊరి పద్ధతి మీద నాకు అంత నమ్మకం.

అప్పుడు శిక్షకుడు చేతులు చరిచి, చిరునవ్వుతో, అసలు ఆట ఇప్పుడే మొదలవుతుందన్నాడు. “భోజనం తర్వాత ఒక్కొక్క జంట లేవాలి. ఎదుటివాళ్ళు మీకు చెప్పింది మీరు అందరికీ చెప్పాలి. విన్నది విన్నట్టు. చెప్పిన తర్వాత, వాళ్ళు సరిగా చెప్పారా లేదా అని మాట్లాడినవాళ్ళను అడుగుతాను.”

హాల్లో ఒక్కసారిగా గోల లేచింది. ముందే చెప్పలేదేమని ఎవరో నవ్వుతూ అరిచారు. మేనేజర్ డైరీ పక్కన పెట్టి, మా జంట వైపే చూసి, భోజనానికి లేచాడు.

ఆ మధ్యాహ్నం నా పళ్ళెంలో అన్నం చారుతో కలిపిన ముద్ద అలాగే ఉండిపోయింది. ఆయన లేచి చెప్పేస్తే నా ఉద్యోగం ఈ సాయంత్రానికే పోతుంది. చెప్పకపోతే ఆయనది పోతుంది. చెప్తే బాగుండునని ఒక నిమిషం, చెప్పకూడదని తర్వాతి నిమిషం. ఇంత జ్ఞానం ఉన్నవాణ్ణి, నేనే లేచి చెప్పొచ్చు కదా అన్నది మాత్రం మనసులోకి రానివ్వలేదు. కుళాయి దగ్గర టిఫిన్ గిన్నె కడుక్కుంటున్న ఆయన దగ్గరికి వెళ్ళాను.

“ఏం చెప్తవ్?” అన్నాను.

“నువ్వేం చెప్పమంటే గదే చెప్త.”

చెప్పు అనడానికీ, చెప్పకు అనడానికీ నోరు రాలేదు. వెనక అడుగుల చప్పుడయితే తిరిగి చూశాను, మేనేజర్ చేతులు కడుక్కోవడానికి వస్తున్నాడు. నేను అక్కడి నుంచి జారుకున్నాను. ఆయన నా వెనక నుంచి మెల్లగా, “పరేషాన్ గాకు పటేలా,” అన్నాడు.

మాకన్నా ముందు నాలుగు జంటలు లేచాయి. ఆడుతూ పాడుతూ చెప్పారు. ఒకడు తన ఇన్‌ఛార్జి ఇంట్లో భార్యతో గొడవపడ్డ సంగతి బయటపెడితే హాలు దద్దరిల్లింది. మా పేర్లు పిలిచారు.

ముందు నేను. లేచి నిలబడి, ఆయన కూతురి చదువు గురించి చెప్పాను. బస్సు, నడక, ఇంట్లో లొల్లి, కాలేజ్ దాకా చదివిస్తానన్న మాట, అన్నీ చక్కగా చెప్పాను. వాల్వు మీద చెయ్యి సంగతి చెప్పలేదు. ఆయన భయం సంగతీ చెప్పలేదు. చెప్పనిదంతా నా నాలుక కింద రాయిలా పడి ఉంది.

“ఆయన మొత్తం చెప్పారా? ఏమైనా విడిచిపెట్టారా?” అని శిక్షకుడు అడిగాడు.

“ఏం ఇడువలే సార్. అంత చెప్పిండు,” అన్నాడు ఆయన.

అందరూ చప్పట్లు కొట్టారు. శిక్షకుడు నన్ను మెచ్చుకున్నాడు. ఇన్‌ఛార్జి ఇలా వింటే ప్రమాదాలే ఉండవన్నాడు.

ఇప్పుడు ఆయన లేచాడు. కాలిన చేతిని వెనక్కి పెట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా నిలబడ్డాడు.

“సారు వాళ్ళ బోరు ఎండిందట. ఎండకాలం రాకముందే ఇంకొకటి ఎయ్యాలంటున్నరు. వాళ్ళమ్మకు మోకాళ్ళు నొస్తున్నయి. గుట్ట మీది మందు పెడ్తే జెర నయమైందట. గంతే సార్.”

గుట్ట మీది మందు సంగతి నేను చెప్పనేలేదు. మా అమ్మకు ఆ మందు తెచ్చి ఇచ్చింది ఆయన భార్యే. ఐదు నిమిషాలు నింపడానికి తన ఇంట్లోంచి తెచ్చి కలిపాడు. నన్ను కాపాడడానికి ఎంత జాగ్రత్తగా అల్లాడో అప్పుడు అర్థమైంది.

“మీరు చెప్పింది ఆయన సరిగ్గా చెప్పారా?” అని శిక్షకుడు నన్నడిగాడు.

‘చెప్పాడు’ అంటే అయిపోయేది. చప్పట్లు కొట్టేవాళ్ళు, మేనేజర్ ‘వింటాడు’ అని రాసుకునేవాడు, ఆయన పాసు నిలబడేది. నా అబద్ధం నిలబడేది, ఆయన బతుకూ నిలబడేది. ఆ నిమిషంలో నాకు ఇంత లెక్క తట్టలేదు. తట్టింది ఒక్కటే, ఆ మనిషి నా కోసం ముప్ఫై మంది ముందు అబద్ధం చెప్పాడు, దాన్ని కూడా నేను మింగేస్తే మనిషినే కాను.

“లేదు సార్,” అన్నాను.

“అయితే ఆయన ఏం విడిచిపెట్టారు?” అన్నాడు శిక్షకుడు.

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు వెనక నుంచి మేనేజర్ పెద్దగా నవ్వాడు.

“చూశారా సార్? నేను మీకు ముందే చెప్పాను కదా, ఇతనే. ఎదురుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చెప్తే వినడు, ఇక రియాక్టర్ దగ్గర ఏం వింటాడు?”

హాల్లో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు, నా వైపు తిరిగాడు. ఆ చూపులో నింద లేదు. ఎదురుచూపు ఉంది. ఇంకొక్క మాట, తప్పు నాదని చెప్పాను సార్, అని అంటే చాలు. మేనేజర్ డైరీ తెరవడం చూశాను. నా భయం నా నోటిని పట్టుకుంది.

“నేను చెప్పింది వేరే సార్. వేరే సంగతులు,” అని కూర్చున్నాను.

శిక్షకుడు ఆయన భుజం తట్టి, ఏం ఫరవాలేదు, వినడం అలవాటు చేసుకోవాలి అన్నాడు. ఆయన తల ఊపి, తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. తర్వాతి జంటను పిలిచారు.

తర్వాతి బుధవారం గేటు దగ్గర ఆయన పాసు ఆపేశారు. అంతకు ముందు రెండుసార్లు నేను మేనేజర్ గది దాకా వెళ్ళాను. ఒకసారి తలుపు మీద చెయ్యి కూడా వేశాను. లోపల నుంచి ‘ఎవరూ’ అని వినిపించింది. షిఫ్టు బుక్కు సంతకం కోసం సార్, అన్నాను. నిజంగానే సంతకం పెట్టించుకుని వచ్చాను.

ఇచ్చిన బూట్లు, హెల్మెట్ తిరిగి అప్పజెప్పి వెళ్ళాలి. ఆ కాగితం మీద షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం కావాలి. ఆయన శుక్రవారం పొద్దున కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. రియాక్టర్ దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. నేను ఆయన ముఖం చూడకుండానే కాగితం తీసుకుని సంతకం పెట్టాను.

“నేను సార్‌తోని మాట్లాడుత,” అన్నాను. “రేపే మాట్లాడుత. జరిగింది జరిగినట్టు చెప్త.”

ఆయన కాగితం అందుకుని మడత పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి నా మాటకు ‘సరే పటేలా’ అనలేదు.

“ఆ దినం ట్రైనింగుల ‘లేదు సార్’ అంటివి గద,” అన్నాడు. “ఇగ ఉన్నది చెప్తవనుకున్న. నేను నిలవడే ఉన్న. నువ్వు కూసున్నవ్.”